పద్దెనిమిది అడుగుల నీడ

తన కథ తానే చెప్పుకుంటున్నా, ట్రెయిలర్ గోడ నుంచి విచ్చుకుని నీడ పట్టే ఈ ఆనింగ్ ‘నేను’ అనదు. ఒక గొట్టం, అందులో రెండు స్ప్రింగులు, చెరొక పక్కన రెండు చేతులు, గోడ మీద ఒక గాడి, వీటి మధ్య సాగే బట్ట. ఇందులో ఏది ‘నేను’? ఏ ఒక్కటి చోటు తప్పినా మిగిలినవన్నీ తప్పుతాయి. అందుకే తనను తాను ‘ఆనింగ్’ అనే చెప్పుకుంటుంది, ‘అది’ అనే అనుకుంటుంది.

పుట్టింది అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఎల్‌ఖార్ట్‌లో. 1870ల్లో చార్లెస్ జెరార్డ్ కాన్ అక్కడ కార్నెట్ బాకాలు చేయడం మొదలుపెట్టాక ఆ ఊరు బ్యాండు వాయిద్యాలకు పేరు తెచ్చుకుంది. 1930ల నుంచి ట్రెయిలర్ల ఊరైంది. ట్రావెల్ ట్రెయిలర్ అంటే కారుకో పికప్‌కో తగిలించి లాక్కుపోయే ఇల్లు. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ లోపలే. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి కాబట్టి ట్రెయిలర్ తలుపు కుడి గోడకే పెడతారు. ఆనింగ్‌నూ ఆ గోడకే, తలుపు పైన బిగించారు. చేతికీ చేతికీ మధ్య కొలిస్తే పద్దెనిమిది అడుగులు. పూర్తిగా తెరిస్తే ఎనిమిది అడుగుల నీడ.

దాని పనితీరు పైకి కనిపించేంత తేలిక కాదు. గోడ పైభాగంలో పొడవునా అల్యూమినియం గాడి ఒకటి ఉంటుంది. బట్ట పై అంచులో కుట్టిన సన్నటి తాడులాంటి బద్ద ఆ గాడిలోకి దూరి కూర్చుంటుంది. బట్ట పక్కకు జారకుండా రెండు కొసల్లో ఒక్కో చిన్న స్క్రూ. బట్ట కింది అంచు గొట్టానికి పట్టి ఉంటుంది. మధ్యలో వేలాడే పట్టీని లాగితే గొట్టం తిరుగుతూ ముందుకొస్తుంది, లోపలి స్ప్రింగులు బిగుసుకుంటాయి. మూసేటప్పుడు బట్టను చుట్టేది ఆ బిగువే. రెండు చేతుల పాదాలు గోడ అడుగున, నేలచట్రం దగ్గర బ్రాకెట్లలో నిలుస్తాయి. ఆనింగ్‌కు గట్టి ఆధారం అక్కడే.

మగ్గం మీద నేసిన బట్ట చుట్టుకునే కర్ర కాస్త ఏటవాలుగా ఉంటే చుట్ట ఒక పక్కకు ఎగబాకుతుందని ఏ నేతగాడికైనా తెలుసు. ఆనింగ్‌దీ అదే ధర్మం. గొట్టం గోడ గాడికి సరిగ్గా సమాంతరంగా ఉన్నంతకాలం పొర మీద పొర చక్కగా కూర్చుంటుంది. దీని గొట్టం చుట్టుకొలత సుమారు పావు మీటరు. ఎనిమిది అడుగుల బట్ట చుట్టుకోవాలంటే తొమ్మిదీ పది చుట్లు తిరగాలి. ఒక్కో చుట్టుకు మూడు మిల్లీమీటర్లు పక్కకు తప్పినా మొత్తం మూసేసరికి అంచు మూడు సెంటీమీటర్లు బయటికి వస్తుంది. గొట్టం కొసకూ చేతికీ మధ్య ఉన్న సందు అంతకన్నా పెద్దదేమీ కాదు.

దాని యజమానులు అయోవా నుంచి వచ్చే రిటైరైన దంపతులు. మంచు పడే రాష్ట్రాల పెద్దలు ఎంతోమంది చేసేదే వాళ్లూ చేస్తారు: చలికాలం రాగానే ట్రెయిలర్ తగిలించుకుని ఆరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్‌కు చేరతారు. ఆ ఊరి పక్కనే లా పోసా అనే ప్రభుత్వ భూమి ఉంది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు పర్మిట్ తీసుకుని అక్కడ దీర్ఘకాలం ఉండొచ్చు. 1983 నుంచీ ఈ ఏర్పాటు ఉంది. కొన్ని వేల జనాభా ఉన్న ఊరు జనవరిలో ట్రెయిలర్లతో నిండిపోతుంది. ఊరి శ్మశానంలో రాతి పిరమిడ్ ఒకటి, దాని కొసన ఒంటె బొమ్మ. 1850ల్లో అమెరికా సైన్యం తెప్పించిన ఒంటెలతో పాటు వచ్చిన హాజీ అలీ సమాధి అది. నోరు తిరగక అక్కడివాళ్లు ఆయన్ని హై జాలీ అన్నారు. ఎడారిలో విడిది చేయడం ఆ నేలకు కొత్త కాదని ఆనింగ్ ఆ సమాధిని తలుచుకుంటుంది.

ఎడారిలో నీడ విలాసం కాదు. చలికాలంలో కూడా మధ్యాహ్నపు ఎండ పడిన గోడ కాలుతుంది. ఆ గోడ ముందు రెండు కుర్చీలు, ఒక బల్ల, కాఫీ కెటిల్ ఉన్నాయంటే అది ఆనింగ్ చలవే. దాని గర్వమంతా అక్కడే ఉంది.

చెడింది గాలితో. విచ్చుకున్న బట్ట విస్తీర్ణం దాదాపు 13 చదరపు మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే దాని మీద సుమారు 55 కిలోల తోపు పడుతుంది. వేగం రెట్టింపైతే తోపు రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. ఒక సాయంత్రం దంపతులు ఊళ్లోకి వెళ్లారు, ఆనింగ్ తెరిచే ఉంది. పడమటి నుంచి ఒక్కసారిగా గాలి లేచి బట్టను కింది నుంచి పైకి ఎగేసింది. చేతులు ఎగిరి పడ్డాయి. వాళ్లు వచ్చి మూసేసరికి బట్ట చిరగలేదు, గొట్టం వంగలేదు. ఏమీ కాలేదనుకున్నారు.

మర్నాడు తెరిస్తే బట్ట మీద ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఐమూలగా ముడత. మూస్తే చుట్ట ట్రెయిలర్ ముందు కొస వైపు గరాటులా సాగింది, అంచు ఆ పక్క చేతికి రాసుకుంది. యజమాని నిచ్చెనెక్కి, గాడిలోని స్క్రూ వదులుచేసి, బట్టను వెనక్కి లాగి మళ్లీ బిగించాడు. ఆ పూటకు బాగానే ఉంది. వారం తిరిగేసరికి మళ్లీ అదే వంకర, ఈసారి స్క్రూ పట్టిన చోట వినైల్ బట్ట కాస్త చిరిగింది కూడా. లోపం కనిపించిన చోటే లాగి సర్దడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ముడత బట్ట మీద పడింది నిజమే, కానీ దాన్ని పుట్టించింది బట్ట కాదు.

ఊళ్లో వ్యానేసుకుని తిరుగుతూ ట్రెయిలర్లు బాగుచేసే టెక్నీషియన్ ఒకావిడ వచ్చింది. వచ్చీరాగానే బట్ట వైపు చూడలేదు. ముందు ట్రెయిలర్ గుమ్మంలో రసమట్టం పెట్టింది. ఎగుడుదిగుడు నేల మీద నిలిపితే చట్రమే కొద్దిగా మెలితిరుగుతుంది, దాంతో చేతులు ఒకదానికొకటి సమాంతరం తప్పుతాయి. కొన్ని ఆనింగ్‌ల జబ్బు చక్రాల కింద చెక్కలు పెట్టి ట్రెయిలర్‌ను సమం చేయగానే పోతుంది. దీనిది పోలేదు.

తరువాత టేపు తీసింది. చేతుల మధ్య దూరం పైన కొలిచింది, కింద బ్రాకెట్ల దగ్గర కొలిచింది. రెండూ ఒకటే ఉండాలి; కింద దాదాపు రెండు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. పైన ఒక మూల నుంచి కింద ఎదుటి మూలకు, మళ్లీ అటు నుంచి ఇటు ఐమూలలు కొలిస్తే అవీ కలవలేదు. ఇల్లు కట్టే మేస్త్రీ పునాది మూలలు చూసే పద్ధతే ఇది, ఇక్కడా అంతే నమ్మకంగా పనిచేస్తుంది. వెనక చేతి పాదాన్ని పట్టుకుని కదిపింది. అది ఊగింది. బ్రాకెట్ స్క్రూలు విప్పితే వాటి మరలకు గోధుమరంగు మెత్తటి చెక్కపొడి అంటుకుని వచ్చింది. స్క్రూ చుట్టూ పూసిన సీలెంట్ ఎండి పగిలి, వాన నీరు లోపలికి దిగి, గోడ లోపలి చెక్క ఎప్పటినుంచో నానుతోంది. గాలి ఆ పాదాన్ని వెనక్కి జరిపింది, అంతే. పాదంతో చేయి, చేతితో గొట్టం జరిగాయి. పై అంచు మాత్రం స్క్రూలతో గాడిలో ఉన్నచోటే ఉంది. అందుకే బట్ట గొట్టం మీదికి ఏటవాలుగా ఎక్కింది.

ఇక్కడ ఆనింగ్ కాస్త గట్టిగా చెప్పే మాట ఉంది. పాదం విప్పే ముందు ఆవిడ ఆనింగ్‌ను మూయించి, గొట్టం కొసల్లోని రంధ్రాల్లో ఇనుప పిన్నులు దూర్చి అది తిరగకుండా చేసింది, చేతులకు కింద ఊతం పెట్టింది. స్ప్రింగు బిగువు మూసి ఉన్నప్పుడు కూడా పూర్తిగా పోదు. పిన్ను లేకుండా చేయి విప్పితే కొస గిర్రున తిరుగుతుంది, ఆ దెబ్బకు మణికట్టు విరగొచ్చు. ఒక్కరే నిచ్చెన మీద నిలబడి చేసే పని కాదిది.

పుచ్చిన చెక్కను చెక్కేసి, ఆరనిచ్చి, ఎపాక్సీ జిగురు నింపింది. అది గట్టిపడ్డాక కొలతలు సరిపోయే చోట కొత్త రంధ్రాలు వేసి, బ్రాకెట్ వెనక నీరు దిగకుండా బ్యూటైల్ టేపు పరిచి, పొడవైన స్క్రూలతో బిగించింది. మళ్లీ కొలిస్తే పైనా కిందా ఒకటే వచ్చింది. తరువాత గాడి వంతు: ఈ కొస నుంచి ఆ కొసకు దారం పట్టి అది తిన్నగా ఉందో లేదో చూసింది, వదులైన ఒకటి రెండు స్క్రూలు మార్చింది. అన్నీ కుదిరాక చిట్టచివర బట్ట దగ్గరకు వచ్చింది. గాడి స్క్రూలు రెండూ తీసి, ఆనింగ్‌ను సగం తెరిచి, బట్ట నడిమి గీతను గొట్టం నడిమి గుర్తుకు ఎదురుగా తెచ్చి, అప్పుడు కొసల్లో బిగించింది. ఈసారి బట్టను లాగాల్సిన పనే పడలేదు, గాడిలో వేలితో నెడితే జరిగింది.

వానలో మాత్రం ఆనింగ్‌ను కావాలనే వంకరగా ఉంచాలి. ఒక చేతిని కిందికి దింపితే నీరు ఆ మూల నుంచి జారిపోతుంది. సమంగా ఉంచితే నడుమ మడుగు కడుతుంది. చదరపు మీటరు మేర సెంటీమీటరు లోతు నీరు నిలిస్తేనే పది కిలోలు. ఆ బరువుకు గొట్టం నడుములో వంగుతుంది, ఒకసారి వంగిన గొట్టాన్ని తిన్నగా చేయడం ఎవరి తరమూ కాదు.

వంకర తీరినా వినైల్ వయసైపోయింది. ఎండకు పెళుసెక్కి మడతల దగ్గర దారాలు కనిపిస్తున్నాయి. దంపతులు కొత్త బట్టకు ఆర్డరిచ్చారు. అమ్మేవాళ్లు అడిగిన కొలత బట్ట వెడల్పు కాదు, ఒక చేతి నడిమి నుంచి మరో చేతి నడిమి వరకు ఉన్న దూరం. బట్ట దానికన్నా దాదాపు అడుగు తక్కువే వస్తుంది. పాత బట్టను కొలిచి ఆ అంకె పంపేవాళ్లు పొట్టి బట్ట తెచ్చుకుని మళ్లీ తిప్పి పంపుతుంటారు. వీళ్లు రెండు కొలతలూ రాసి, ఏది దేనిదో పక్కన గుర్తు పెట్టి పంపారు. పార్సిల్ రాగానే గాడిలోకి ఎక్కించడానికి పక్క ట్రెయిలర్ ఆయన్ని కూడా సాయానికి పిలిచారు: ఇద్దరు బట్టను పైకెత్తి పట్టుకుంటే ఒకరు గాడి మొదట్లో నిలబడి ముడత పడకుండా లోపలికి నెట్టాలి.