ముప్పై రెండు నంబరు నడుము

కర్నూలు జిల్లా కోడుమూరులో నలభై దాటిన మగవాళ్లలో ఎవరినైనా నడుము కొలత ఎంతని అడిగి చూడండి. తడుముకోకుండా "ముప్పై రెండు" అంటారు. అది పెళ్లినాటి లెక్క. పుట్టిన తేదీ మారనట్టే నడుము నంబరూ మారదని వాళ్ల గట్టి నమ్మకం. మొలతాడు మాత్రం ఆ లెక్కకు ఒప్పుకోదు. ముడి వదులు చేసి చేసి, ఇక వదలడానికి తాడు మిగలక కొత్తది కొన్న సంగతి దానికే తెలుసు. తెలిసినా, పొట్ట మడత కింద దాక్కొని నోరు మూసుకుంటుంది.

ఈ మూడు నాలుగు అంగుళాల అబద్ధానికి వైద్యశాస్త్రంలో ఒక పేరుంది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం స్టామ్‌ఫర్డ్‌లో ఆక్టేవియో బెస్సా అనే డాక్టరు దగ్గరికి కొందరు మగవాళ్లు వచ్చేవారు. అన్నం తిన్న రెండు మూడు గంటలకు కడుపు ఉబ్బరం, ఛాతీలో మంట, తేన్పులు. పరీక్షలు చేస్తే ఏమీ తేలేది కాదు. చివరికి ఆయన పొట్ట కొలిచాడు, ప్యాంటు కొలిచాడు. రెండింటికీ కనీసం మూడంగుళాల తేడా! 1993లో 'ఆర్కైవ్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్' పత్రికకు ఈ సంగతి రాసి, దీనికి 'టైట్ ప్యాంట్స్ సిండ్రోమ్' అని నామకరణం చేశాడు. మందేమిటంటే, పెద్ద సైజు ప్యాంటు కొనుక్కోవడం. మందుల షాపులో దొరకని మందు కాబట్టి దానికి పెద్దగా ప్రచారం రాలేదు.

ఆ డాక్టరుగారు ఉగాది మర్నాడు కోడుమూరు వైపు వచ్చుంటే ఆయన పరిశోధన ఒక్క పంక్తి లేచేలోగా పూర్తయ్యేది. నిన్నటి ఓళిగలు ఇంకా డబ్బాలో ఉంటాయి. ఇవాళ రాగి సంగటి, నాటుకోడి పులుసు. బెంగళూరు నుంచి వచ్చిన అల్లుడు, పిక్కలకు అతుక్కుపోయిన జీన్స్‌తో, చాప మీద బాసింపట్టు వేయడానికి నానా తంటాలు పడతాడు. మోకాలు మడవాలంటే నడుము సహకరించదు, నడుము వంచాలంటే గుండీ బొడ్డులోకి దిగుతుంది. ఎలాగో ఒక పక్కకు ఒరిగి కూలబడతాడు. అత్తగారు సంగటి ముద్ద పెట్టి, నడుమ గుంత చేసి, నెయ్యి పోసి, పక్కన పులుసు వంచుతుంది.

"ఇంగ రోంత ఏసుకో నాయనా, ఏమీ తిన్లేదు నువ్వు."

"సాలత్తా, సాలు."

"ఈ వయసులో సాలంటే ఎట్లా? మీ మామను చూడు."

మామ రెండో ముద్దలో ఉన్నాడు. ఆయన చేసిన పని ఎవరూ గమనించలేదు. మొదటి ముద్ద అయిపోగానే ఎడమచేతి బొటనవేలు పంచె అంచులోకి దూర్చి, ఒక్కసారి అటూ ఇటూ ఆడించి, అరంగుళం జాగా చేసుకున్నాడు. అల్లుడికి ఆ సౌకర్యం లేదు. నలుగురి మధ్య గుండీ విప్పితే బాగుండదు, విప్పకపోతే సంగటి దిగదు. మూడు గంటలకల్లా వసారాలో ఛాతీ రుద్దుకుంటూ పచార్లు మొదలవుతాయి. "గ్యాస్ పట్టేసింది" అని ఇంట్లో ప్రకటన వెలువడుతుంది. కోడి ముదిరిందేమోనని అత్త అనుమానం. పట్నంలో నీళ్లు మంచివి కావని మామ తీర్మానం. ఒకరు వాము తెస్తారు, ఇంకొకరు గ్యాస్ బిళ్లకు పిల్లవాణ్ణి బస్టాండు దగ్గరికి తరుముతారు. జీన్స్ మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

లోపల జరిగేది మరీ పెద్ద రహస్యమేమీ కాదు. ఖాళీగా ఉన్నప్పుడు జీర్ణకోశం ముడుచుకొని ఉంటుంది. తినడం మొదలుపెట్టగానే గోడలు సడలి, లీటరు, అంతకుమించి కూడా పట్టేంతగా సాగుతుంది. సాగాలంటే చోటు కావాలి. వెనక వెన్నెముక, అడుగున కటి ఎముకలు. ఇవేవీ పెద్దగా జరగవు. అన్నిటికంటే సులువుగా జరిగేది ముందున్న పొట్ట గోడే. సరిగ్గా దానికే ప్యాంటు గుండీ తాళం వేస్తుంది. ఒత్తిడికి ఇక పైకి తన్నడం తప్ప దారి లేదు. అన్నవాహిక కిందికొసలో ఉండే కండర వలయం మామూలుగా బిగుసుకొని ఆమ్లాన్ని ఆపుతుంది గానీ, అడుగునుంచి అదేపనిగా నెడుతుంటే అది కూడా ఎంతసేపని ఆగుతుంది? జీర్ణకోశానికి ఆమ్లం తగలకుండా జిగురు పూత ఉంది. అన్నవాహికకు అలాంటి రక్షణ లేదు. అందుకే మంట. ఆ మంట గుండె దగ్గర తెలియడంతో సగం మంది గుండెపోటని హడలి చస్తారు. నిజంగా గుండెపోటు వచ్చినప్పుడు మిగతా సగం గ్యాసేలే అని పడుకుంటారు. ఈ రెండోది హాస్యానికి పనికొచ్చే విషయం కాదు. నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా బెల్టు వదులు చేసుకొని కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గ్లాస్గోలో కొందరు పరిశోధకులు ఈ సంగతిని బెల్టుతోనే తేల్చారు. ఏ ఫిర్యాదూ లేని మనుషులను పిలిచి, నడుముకు బెల్టు బిగించి, అన్నం పెట్టి, లోపల ఏం జరుగుతుందో గొట్టాలు వేసి చూశారు. 2014లో 'గట్' అనే పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. అన్నవాహిక, జీర్ణకోశం కలిసే చోటు పైకి జరిగింది, ఆమ్లం అన్నవాహిక అంచులోకి ఎక్కింది. బెల్టు లేకపోయినా బొజ్జ ఉంటే చాలు, అదే తంతు! అంటే బొజ్జ ఒక బెల్టు, దాని మీద బెల్టు ఇంకో బెల్టు. తర్వాత అసలే ఛాతీ మంట ఉన్నవాళ్లకు బెల్టు కట్టి చూస్తే, ఎక్కిన ఆమ్లం మళ్లీ కిందికి దిగడానికి కూడా ఎక్కువసేపు పట్టింది. అలాగని నేరమంతా బట్టల మీదికి నెట్టేయడానికి లేదు. రాత్రి పదింటికి బిర్యానీ తిని పదీపావుకు పడుకునేవాడు దిసమొలతో ఉన్నా మంట తప్పదు. బీడీ, సిగరెట్టు సంగతి సరేసరి. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఉగ్గాని మీదికి నాలుగు మిరపకాయ బజ్జీలు లాగించేవాడికి జీన్స్ ఒక అదనపు సాకు మాత్రమే.

పంచె, లుంగీ గొప్పదనం ఇక్కడే తెలుస్తుంది. వాటికి నంబరు లేదు. లుంగీ కట్టినవాడు రోజుకెన్నిసార్లు ముడి విప్పి కడతాడో అన్నిసార్లూ నడుముకు కొత్త కొలత తీసుకున్నట్టే. పొద్దున ఒక కొలత, సంగటి తర్వాత ఒకటి, నిద్ర లేచాక ఇంకొకటి. కోడుమూరులో గద్వాల చీరలు నేసేవాళ్లను చూడండి. గుంత మగ్గంలో కాళ్లు వేలాడేసి, నూలు చీరకు పట్టు అంచు కలుపుతూ గంటల తరబడి ముందుకు వంగి కూర్చుంటారు. పొట్ట మడత పడే భంగిమ అది. వాళ్ల ఒంటి మీద ఉండేది లుంగీ, బనీను. ఆ పనికి జీన్స్ వేసుకు కూర్చుంటే చీర సగం కూడా కాకముందే మనిషి లేచి పారిపోతాడు.

ఊళ్లో దర్జీకి ఈ సిద్ధాంతాలన్నీ ఎప్పుడో తెలుసు. ప్యాంటు కుట్టేటప్పుడు వెనక నడిమి కుట్టు లోపల రెండంగుళాల గుడ్డ వదిలిపెడతాడు. కుట్టించుకున్నవాడి పొట్ట మీద వాడికంటే దర్జీకే ముందుచూపు ఎక్కువ. మూడేళ్లకు ఆ ప్యాంటు తిరిగొస్తుంది. కుట్టు విప్పితే బయట గుడ్డ ఉతికి ఉతికి వెలిసిపోయి ఉంటుంది, లోపలినుంచి బయటపడిన పట్టీ కొత్తదానిలా నల్లగా మెరుస్తుంటుంది. వెనకనుంచి చూసినవాళ్లకు మనిషి ఎంత లావయ్యాడో అంగుళంతో సహా అర్థమవుతుంది. కొలత తీసుకోవడం మరో కళ. టేపు తగలగానే ఎంతటివాడైనా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగుతాడు. దర్జీ తొందరపడడు. "ఈసారి మీ చేన్లో ఉల్లిగడ్డ ఎంత పండిందన్నా?" అంటాడు. రైతు ధరల మీద నోరు తెరిచాడంటే పొట్ట తన చోటికి తాను వచ్చేస్తుంది. అప్పుడు టేపు చూస్తాడు.

పాతబట్టలన్నీ పుణ్యాత్ములని కూడా అనుకోకూడదు. చీర కింది లంగా బొందు సంగతి ఆడవాళ్లనడగండి. కుచ్చిళ్లు జారకుండా ఉండాలంటే బొందు బిగించాల్సిందే. సాయంత్రం విప్పితే నడుము చుట్టూ నల్లటి గాడి. ఏళ్ల తరబడి అదే చోట ఒరుసుకొని పుండుగా మారి, ఆ పుండు క్యాన్సరైన సందర్భాలున్నాయి. దీన్ని ముంబై డాక్టర్లు 'చీర క్యాన్సర్' అన్నారు. 2024లో వార్ధా, బిహార్ వైద్యులు రాసిన వ్యాసంలో ఇద్దరు పెద్దావిడల కథ ఉంది. డెబ్బై ఏళ్ల ఆవిడ ఏడాదిన్నర పాటు మానని పుండుతో తిరిగింది. రెండో ఆవిడ లంగా కూడా లేకుండా చీరనే నలభై ఏళ్లు నడుముకు బిగించి కట్టింది. ఇది చాలా అరుదైన జబ్బు. కానీ వైద్యులు చెప్పిన జాగ్రత్త సులభమైనదే: లంగా బొందు వదులుగా కట్టడం, గాడిపడిన చోట పుండు మానకపోతే చూపించుకోవడం. బొందు బదులు వెడల్పాటి పట్టీ కుట్టించుకుంటే ఒత్తిడి ఒకేచోట పడదు.

ఇక జీన్స్. 1873లో అమెరికాలో లెవై స్ట్రాస్, జేకబ్ డేవిస్ రాగి రివెట్ల మీద పేటెంటు తీసుకున్నప్పుడు అది కూలిపని చేసేవాళ్ల దిట్టమైన ప్యాంటు, వదులుగానే ఉండేది. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ సాగే దారం కనిపెట్టాక, కాలక్రమంలో బట్ట ఒంటికి అంటుకుపోయింది. కోడుమూరు వాళ్లు దీని కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. ఆలూరు దాటితే బళ్లారి, అక్కడ జీన్స్ కుట్టని వీధి వెతుక్కోవాలి. అటువైపు రాయదుర్గంలోనూ అదే పని. కుట్టే మిషన్ల దగ్గర కూర్చున్నవాళ్లలో చాలామంది వదులు బట్టల్లోనే ఉంటారనేది వేరే సంగతి.

2015లో వచ్చిన వార్త ఇది: ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ముప్పై అయిదేళ్ల ఆవిడ, బంధువుల ఇల్లు మారుతుంటే అలమరలు ఖాళీ చేస్తూ గంటల తరబడి గొంతుక్కూర్చుంది. ఒంటి మీద బిగుతు జీన్స్. ఇంటికి వెళ్తూ దారిలో పడిపోయింది, మళ్లీ లేవలేకపోయింది. పిక్కలు వాచి, ఆసుపత్రిలో జీన్స్ కత్తిరించి తీయాల్సి వచ్చింది. నాలుగు రోజులకు కోలుకుంది. శెనక్కాయ చేలో గొంతుక్కూర్చుని కలుపు తీసే మన ఆడవాళ్లు ఈ వార్త చదివితే నవ్వుతారు. వాళ్లు రోజంతా అలాగే కూర్చుంటారు, కాకపోతే చీరలో. బిగుతు ప్యాంట్లతో తొడ పక్కన తిమ్మిరెక్కి మంటపుట్టడం ఇలా పడిపోవడం కంటే మామూలు ఫిర్యాదు. గజ్జల దగ్గర చర్మపు నరం ఒకటి నలిగితే అలా అవుతుంది. 2003లో ఒక కెనడా డాక్టరు నడుము కిందికి జారే ఫ్యాషన్ ప్యాంట్లను దీనికి బాధ్యులను చేశాడు.

కర్నూలు ఎండలో ఇంకో బాధ కలుస్తుంది. మే నెలలో నలభై నాలుగు డిగ్రీల్లో బస్సు సీటుకు అతుక్కున్న జీన్స్ లోపల చెమట ఆరదు. తామర శిలీంధ్రానికి అంతకంటే వెచ్చని ఆతిథ్యం దొరకదు. ఈ పదేళ్లలో మందులకు లొంగని తామర దేశమంతటా పెరిగింది. చర్మవైద్యులు మందుచీటీతో పాటు వదులైన నూలుబట్టలు వేసుకోమని చెబుతున్నారు. చీటీ తీసుకున్న కుర్రాడు జీన్స్ వెనక జేబులో దాన్ని దూర్చడానికి లేచి నిలబడాల్సి వస్తుంది.

పెళ్లికొడుకుల పరిస్థితి మరీ దయనీయం. ముహూర్తానికి హాయిగా పంచె, రిసెప్షన్‌కు సూటు, టై. జర్మనీలోని కీల్‌లో 2018లో యువకులకు టై బిగించి చూస్తే మెదడుకు వెళ్లే రక్తం ఏడున్నర శాతం తగ్గింది. పెళ్లినాడు ఆ మాత్రం తగ్గినా ఫర్వాలేదని పెద్దవాళ్లు అనుకుంటారేమో. ఫొటోలయ్యే దాకా నిటారుగా నిలబడతాడు. భోజనాల వేళకు కోటు కుర్చీ వీపుకు ఎక్కుతుంది, టై తోడిపెళ్లికొడుకు జేబులోకి పోతుంది, బెల్టు రెండు కంతలు వెనక్కి జరుగుతుంది. అప్పటికీ ఆకు ముందు కూర్చోవడం కుదరక, బావమరిది చెవిలో మెల్లగా అడుగుతాడు, "బావా, పైన రూములో లుంగీ ఏమన్నా ఉందా?"