లోపలా వానే!

ముసురు పట్టిందంటే చాలు, జగిత్యాల, కోరుట్ల రోడ్ల పక్కన తాళ్లకు రెయిన్‌కోట్లు వేలాడతాయి. అన్నీ అగ్గువకే!

‘నీళ్లు దిగవు కదా?’ అని అడిగి చూడండి. అమ్మేటాయన కోటు వీపు మీద చెంబెడు నీళ్లు పోసి చూపిస్తాడు. చుక్క దిగదు.

అదే చెంబు కుట్ల మీద పోయమనండి!

సూది దూరిన ప్రతి బెజ్జంలోంచీ వాన దూరుతుంది. జిప్పు సందున కారింది నేరుగా ఒళ్లోకే. పైగా ప్లాస్టిక్కు గాలాడనివ్వదు, లోపల చెమట. కోరుట్లలో బండెక్కి జగిత్యాలలో దిగేసరికి ఏది వాన నీరో, ఏది సొంత నీరో తేలదు.

ఒక్కటి ఒప్పుకోవాలి. లోపలికొచ్చిన నీటిని మాత్రం బయటికి పోనివ్వదు. 2016లో గండిపడ్డ మిడ్‌మానేరు కట్టకు కూడా అంత పట్టుదల లేదు.

2017లో మొదలుపెట్టి ఏటా లక్షలాది బతుకమ్మ చీరలు నేసిన సిరిసిల్లకూ వానొస్తే ఈ ప్లాస్టిక్కే దిక్కు. 2021 సెప్టెంబరులో ఊరు ఊరే మునిగిందనుకోండి, అప్పుడు ఏ కోటైనా ఒకటే.

కొనేవారికి మనవి: కోటు తిరగేసి, కుట్ల మీద టేపు అతికించారో లేదో చూడండి. లేదంటే ఆ పైసలతో మిర్చి బజ్జీలు తిని, వాన వెలిశాక బయల్దేరండి.