దారిలోనే కదా బావా!

హైదరాబాదు నుంచి విజయనగరం పెళ్లికి వెళ్లేవాడికి లంబసింగి దారిలో తగులుతుందా? తగలదు. సూర్యాపేట, కోదాడ, బెజవాడ, ఏలూరు, రాజమండ్రి, అన్నవరం, తుని, అనకాపల్లి, విశాఖ: ఇదీ దారి. సుమారు 680 కిలోమీటర్లు. తెల్లారకుండా బయలుదేరితే, టీలకీ టిఫిన్లకీ ఆగినా, రాత్రి భోజనానికి పెళ్లివారింట్లో ఉంటాం. లంబసింగి ఉన్నది ఈ దారి మీద కాదు. తుని దాటాక ఎడమచేతి వైపు కొండలు కనిపిస్తాయి చూడండి, వాటి పైన ఎక్కడో ఉంది. అయినా మా బావమరిది "దారిలోనే కదా బావా" అన్నాడు.

ఈ మధ్య ఏ ఇంట్లో శుభలేఖ విప్పినా ఇదే మాట. బంధువు పెళ్లి అమలాపురంలో అయితే మారేడుమిల్లి దారిలోనే. కడపలో అయితే గండికోట దారిలోనే. ముహూర్తం ఎన్నింటికి అని అడిగేవాడు లేడు, మధ్యలో ఎక్కడ ఆగుదాం అన్నదే ప్రశ్న. "దారిలోనే" అంటే ఇప్పుడు "ఎలాగూ కారు తీశాం" అని అర్థం. ఆ లెక్కన కాశీ కూడా దారిలోనే. కొంచెం చుట్టు, అంతే.

కాశీ అంటే గుర్తొచ్చింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దారి పొడవునా మజిలీలే. ఆయన పుస్తకం తిరగేస్తే ప్రతి మజిలీలోనూ మంచినీళ్లు బాగున్నాయా, సత్రం ఉందా, సరుకులు దొరుకుతాయా అన్న ఆరా కనిపిస్తుంది. మజిలీ అంటే అలిసిపోయాక ఆగే చోటు. మావాడి పద్ధతిలో ముందు ఆగే చోటు బుక్కవుతుంది, ఆ డబ్బు దండగ కాకుండా మనం అలిసిపోవాలి.

మా వదిన కూతురి పెళ్లి మాఘమాసంలో. బావమరిది అంటే పెళ్లికూతురికి స్వయానా మేనమామ, గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్లాల్సినవాడు. అంత బాధ్యత నెత్తిన ఉన్న మనిషి నెలరోజుల ముందు నుంచీ గుడారాల అద్దెలు వాకబు చేస్తున్నాడు. గంప సంగతి ఎవరు చూస్తున్నారని నేను అడిగితే, "అక్కడ ఉంటాయి బావా" అన్నాడు. గుడారాలూ అక్కడే ఉంటాయిగా అని నేను అనలేదు. అనాల్సింది.

ఇక్కడ పంచాంగం గురించి ఒక మాట. లంబసింగి చలికి అసలు రోజులు డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా. అది ధనుర్మాసం, పెళ్లి ముహూర్తాలు ఉండవు. మన పెద్దలు ఎందుకు పెట్టారో కానీ ఆ ఏర్పాటులో గొప్ప తెలివి ఉంది: చలి చూడాలనుకున్నవాడు చలికి వెళ్లాలి, పెళ్లి చూడాలనుకున్నవాడు పెళ్లికి వెళ్లాలి. రెండూ ఒకే పెట్రోలుతో కానివ్వాలనుకునేవాడి కోసమే "పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు" అన్న సామెత. ఈ పిల్లికి చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండుకి, క్యాంప్‌ఫైర్ అదనం.

సెలవు చీటీలో మావాడు రాసింది "దగ్గరి బంధువు వివాహం, మూడు రోజులు". ఆ మూడింటిలో వివాహానికి దక్కింది ఒక పూట.

నాలుగింటికి బయలుదేరాల్సిన కారు ఎనిమిదిన్నరకి కదిలింది. ఆలస్యానికి కారణం పూలజడ. విజయనగరంలో పూలజడ అల్లేవాళ్లు లేనట్టు, గుడిమల్కాపూర్ మార్కెట్ పూలతో ప్రత్యేకంగా అల్లించి, అట్టపెట్టెలో సర్ది, డిక్కీలో పట్టుచీరల పక్కన పెట్టాడు. నర్సీపట్నం చేరేసరికే చీకటి పడింది. కొండ ఎక్కుతుంటే చుట్టూ ఎంత అందమైన అడవి ఉందో హెడ్‌లైట్ల వెలుగులో పది గజాల మేర చూశాం.

లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరు. ఊరివాళ్లు పేరులోనే ఇంత స్పష్టంగా హెచ్చరిక రాసిపెట్టినా, మనం డబ్బిచ్చి మరీ ఆరుబయట పడుకుంటున్నాం. అర్ధరాత్రి మా ఆవిడ, పెళ్లిలో కట్టుకోవాల్సిన కంచిపట్టు చీరని శాలువాలా కప్పుకుంది. తెల్లారాక దానికి నెమలికంఠం రంగుతో పాటు బొంగు చికెన్ పొగ వాసన కూడా వచ్చింది.

పూలజడ ఏమైందంటారా? "ఇంత చల్లదనం ఉండగా డిక్కీలో మగ్గబెట్టడం దేనికి బావా, ఇది ఫ్రిజ్ కన్నా నయం" అని పెట్టె మూత తీసి గుడారం పక్క అరుగు మీద పెట్టాడు మావాడు. తెల్లవారుజామున ఏదో నములుతున్న చప్పుడైతే నేను లేచాను. మేక. జడలో మరువం దగ్గర మొదలుపెట్టి చామంతుల దాకా వచ్చింది. ఆ యాత్రలో పెళ్లిభోజనం వేళకి చేసిన ప్రాణి అదొక్కటే.

అక్కడితో కొండ దిగి అనకాపల్లి మీదుగా వెళ్లిపోయినా పరువు దక్కేది. కానీ ఈ జబ్బుకి ఒక లక్షణం ఉంది: ఒక చోట ఆగినవాడికి ఆ పక్కది కూడా దారిలోనే అనిపిస్తుంది. లంబసింగి దాకా వచ్చాక పాడేరు దగ్గర వంజంగి మేఘాలు చూడకపోతే ఎలా? పాడేరు దాకా వచ్చాక అరకు కాఫీ తాగకపోతే ఎలా? ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందట, దాన్ని కాదని పోవడం మేనమామకి మర్యాద కాదట. బొర్రా గుహల బోర్డు కనిపించినప్పుడు మాత్రం నేను కారు తాళం లాక్కున్నాను. ఆ సున్నపురాయి లక్షల ఏళ్ల నుంచి అక్కడే ఉంది, వచ్చే నెలకీ ఉంటుంది. మా వదిన కూతురి ముహూర్తం రాత్రి పదింబావుకి.

వంజంగి మేఘాలు నిజంగా బాగున్నాయి. ఆ మాట దాచను. పాలసముద్రం పొంగినట్టు కొండల మధ్య పరుచుకుని ఉంటే రెండు నిమిషాలు నోట మాట రాలేదు. మూడో నిమిషంలో మావాడు నలభై ఫొటోలు తీశాడు. కొండ మీద సిగ్నల్ లేదు కాబట్టి అప్పటికి ఎవరికీ తెలియలేదు. అరకులో సిగ్నల్ తగలగానే నలభై ఫొటోలూ ఒక్కసారిగా కుటుంబం గ్రూపులో పడ్డాయి. వాటికి సరిగ్గా పైన మా వదిన పెట్టిన మెసేజి ఉంది: "పెళ్లికూతుర్ని చేస్తున్నాం, మేనమామ ఎక్కడ?"

శృంగవరపుకోట మీదుగా విజయనగరం చేరేసరికి పది దాటి ఇరవై నిమిషాలు. జీలకర్ర బెల్లం అయిపోయింది. గంప మోసింది వేలువిడిచిన మేనమామ. ఆయన టెక్కలి నుంచి మొన్ననే బస్సులో వచ్చి, రెండు రోజులుగా వంటవాళ్ల దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. పెళ్లి ఆల్బమ్‌లో గంప ఎత్తిన ఫొటోలు పదకొండు. అన్నింటిలోనూ ఆయనే, ఎర్ర తువ్వాలు భుజాన, నవ్వుతూ.

వెనకటి చుట్టాలు పది రోజుల ముందే దిగేవారు. వాళ్లేమీ దేవతలు కారు. సగం అలకలూ పేచీలూ వాళ్లవే. కానీ పసుపు దంచేటప్పుడూ ఉండేవారు, పప్పు తక్కువైతే కొట్టుకి పరుగెత్తేవారు. ఇప్పుడు మనం అక్షింతల వేళకి సరిగ్గా చేరేలా లెక్కవేసి మజిలీలు పెట్టుకుంటున్నాం. ప్రకృతి మీద ప్రేమ అంటున్నాం కానీ, నా అనుమానం, ఇందులో ప్రకృతి వాటా తక్కువ. పెళ్లింట్లో పనికి దొరక్కుండా ఉండటానికి కొండ అంత వీలైన చోటు ఇంకోటి లేదు.

మా వదిన తిట్టలేదు. పళ్లెంలో బూరెలు పెట్టి తెచ్చి, తమ్ముడి మొహంలోకి చూసి, ఒక్కటే అడిగింది.

"మేఘాలు బాగున్నాయేట్రా?"

వచ్చే నెల భీమవరంలో మా పెదనాన్నగారి మనవడి పెళ్లి. నిన్న బావమరిది ఫోన్ చేశాడు. పాపికొండలు దారిలోనే కదా బావా, పడవలో వెళ్లి రాత్రికి గోదావరి ఒడ్డున పడుకుందాం అన్నాడు. నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్లు తీసేశానని చెప్పాను. పైబెర్తు దొరికింది.