హిజ్లీలో ఎక్స్‌పీ మళ్ళీ ఎక్కించుకోవడానికి అచ్చొచ్చిన చిట్కాలు

బెంగాల్లో ఖరగ్‌పూర్ పక్కనున్న హిజ్లీలో, రైల్వే క్వార్టర్లో మూలపడ్డ కంప్యూటర్లో విండోస్ ఎక్స్‌పీ మళ్ళీ ఎక్కించమని ఇంట్లో అడిగారా? మీ దశ తిరిగినట్టే. 2001లో వచ్చిన సరుకది. 2014 ఏప్రిల్ 8 తర్వాత మైక్రోసాఫ్టే దాన్ని పట్టించుకోవడం మానేసింది. ఇక ఏం చెడినా మిమ్మల్ననేదెవరు? శుభలేఖలు పేజ్‌మేకర్లో అనూ ఫాంట్లతో కొట్టే బాబాయి మాత్రం దాన్ని చచ్చినా వదలడు. ఆయన మొండితనమే మీకు పెట్టుబడి.

1. బ్యాకప్ జోలికి పోకండి. "డీ డ్రైవ్‌లో ఉన్నవన్నీ భద్రం బాబాయ్" అని ధీమాగా చెప్పండి. మై డాక్యుమెంట్స్ ఉండేది సీ డ్రైవ్‌లోనని, అక్క పెళ్ళి ఫొటోలు అందులోనే ఉన్నాయని ఆయనకు తెలియదు. తెలిసేసరికి ఫార్మాట్ అయిపోతుంది.

2. ముహూర్తం వైశాఖ మాసం, సాయంత్రం. వాయవ్యాన నల్లమబ్బు లేవగానే ఫార్మాట్ మొదలెట్టండి. కాలబైశాఖి విరుచుకుపడి కరెంటు పోతే నేరం గాలివానది. యూపీఎస్ ఉంటే కంప్యూటర్ వైరు పీకి, మీ ఫోన్ చార్జర్ పెట్టుకోండి.

3. సీడీని లుంగీ అంచుతో గుండ్రంగా తుడవండి. మధ్య నుంచి అంచుకు తుడవాలనేవాళ్ళకు వేరే పనిలేదు. ఫలానా ఫైలు కాపీ కాలేదని నీలి తెర మీద వస్తే ఎంటర్ కొట్టి మళ్ళీ ప్రయత్నించకండి, ఎస్కేప్ కొట్టి దాటేయండి. ఆ ఫైలుతో మనకేం పని?

4. ఇది అన్నిట్లోకీ అమోఘమైనది. సీడీ నుంచి మొదలవ్వాలంటే ఏదో ఒక కీ నొక్కమని యంత్రం అడుగుతుంది. నొక్కండి. ఫైళ్ళు కాపీ చేసుకుని, అది తనంతట తనే ఆగి మళ్ళీ లేచి, అదే మాట అడుగుతుంది. అప్పుడు ఊరుకుంటే మిగతా పని హార్డ్ డిస్క్ నుంచి సాగిపోతుంది. మీరు ఊరుకోకండి, మళ్ళీ నొక్కండి. కథ మొదటికొస్తుంది. కాపీ, రీస్టార్ట్, కీ. కాపీ, రీస్టార్ట్, కీ. ఆదివారం మొత్తం గడిచిపోతుంది. "కంప్యూటర్ దగ్గరున్నాడు, కదపకండి" అంటూ పిన్ని టీ మీద టీ తెచ్చిస్తుంది. బజారు పని తమ్ముడికి పడుతుంది.

5. హార్డ్ డిస్కే లేదని సెటప్ మొరాయిస్తే, బయాస్‌లో సాటా మోడ్‌ని ఐడీఈకి మార్చితే చాలు. ఈ ముక్క బయటపెట్టకండి. "డిస్క్ పోయింది" అని డబ్బులడగండి. మోడ్ మార్చి పని పూర్తిచేశాక, వెంటనే దాన్ని మళ్ళీ ఏహెచ్‌సీఐకి తిప్పేయండి. 7బీ అనే నీలి తెర ప్రత్యక్షమవుతుంది. ఇంకో ఆదివారం మీదే.

6. ప్రోడక్ట్ కీ 25 అక్షరాలు. మీరు చదవండి, బాబాయి చేత కొట్టించండి. బీని ఎనిమిదనీ, జీని ఆరనీ చదవండి. ఆ కీలో సున్నా అసలుండదు, కాబట్టి "అది సున్నాయేమో చూడు" అని మధ్యమధ్య సలహా ఇవ్వండి. యాక్టివేషన్‌కి 30 రోజుల గడువుంది. 29 రోజులు దాని ఊసెత్తకండి.

7. బోర్డు మీది నాణెం బ్యాటరీ మార్చకండి. గడియారం ఏళ్ళ వెనక్కి పోతుంది, వెబ్‌సైట్లు సర్టిఫికెట్ చెల్లదని తలుపేస్తాయి. కేబులువాణ్ణి తిట్టండి.

8. రీజనల్ సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ గడిలో టిక్కు పెట్టకుండా వదిలేయండి. తెలుగు సైట్లన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి. "బెంగాల్లో కొన్నది, తెలుగు ఎక్కడొస్తుంది?" అనండి. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇచ్చిందిగా అని బాబాయి నిలదీస్తే, ఆ ఉత్తర్వు ఇంకా ఎక్స్‌పీకి అందలేదనండి.

9. అప్పటికీ నమ్మకపోతే "ఐఐటీ వాళ్ళకే అంతుచిక్కలేదు" అనండి. ఎవరినీ అడగక్కర్లేదు. ఖరగ్‌పూర్ ఐఐటీ పుట్టిన హిజ్లీ పాత నిర్బంధ శిబిరం భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది. కంప్యూటర్ని అక్కడ పెట్టమని సలహా కూడా ఇవ్వండి.

10. ఫొటోల సంగతి బయటపడ్డ రోజున ఊళ్ళో ఉండకండి. ఖరగ్‌పూర్ స్టేషన్‌కి వెళ్ళారో, కిలోమీటరు దాటిన ఆ ప్లాట్‌ఫారం మీద అడుగడుక్కీ చుట్టాలే తగులుతారు. హిజ్లీలో ఆగే బండి చూసుకుని శ్రీకాకుళం వైపు టికెట్ తీసుకోండి. సీడీ సంచిలో వేసుకోవడం మరవకండి, మావయ్యగారింట్లోనూ ఓ పాత కంప్యూటరుంది.