మోడెమ్ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. బ్యాండు చూడకుండ పరుగెత్తి కొనబోకు
స్లాటు తీగె తెలిసి సత్తువెరిగి
వేగమొకటె చూచి వెలబోసి తెచ్చిన
కార్డు మిగులు చేత, గాలి మిగులు

అవతారిక: రొయ్యల చెరువు గట్టున నీటిలో ఆక్సిజన్ కొలిచే చిట్టి కంప్యూటర్‌కు మోడెమ్ కార్డు కొనబోతున్న కుర్ర ఇంజనీరుకు పెద్ద ఇంజనీరు చేయు హితబోధ.

ప్రతిపదార్థం: బ్యాండు = టవరు వాడే తరంగాల వరుసను; చూడకుండ = కార్డు డేటాషీటుతో పోల్చుకోక; పరుగెత్తి = ఆఫరు ఈ రాత్రితో సరి అన్న మాటకు లొంగి; కొనబోకు = కొనుటకు పోవద్దు; స్లాటు తీగె తెలిసి = స్లాటు వెనుక ఏ తీగె ఎక్కడికి పోవునో తెలుసుకొని; సత్తువ = బోర్డు ఈయగల కరెంటును; ఎరిగి = మీటరు పెట్టి కొలిచి (కొనుము అని శేషము); వేగమొకటె చూచి = డబ్బా మీది ఎంబీపీఎస్ మాత్రమే చదివి; వెలబోసి తెచ్చిన = సొమ్ము పోసి తెచ్చినచో; చేత = చేతిలో; కార్డు మిగులు = వాపసు గడువు దాటిన కార్డు ఉండును; గాలి మిగులు = యాంటెన్నాకు గాలి తప్ప ఏమీ అందదు.

తాత్పర్యం: మోడెమ్ కార్డు మంచిచెడ్డలు కార్డులో సగమే. తక్కిన సగం పైనున్న టవరులోను, కిందనున్న బోర్డులోను ఉన్నవి.

విశేషాలు: 1. జియోకు 2జీ, 3జీ లేవు. దాని 4జీ 3, 5, 40 బ్యాండ్లలో నడచును. క్వెక్టెల్ వారి ఈసీ25-ఇ మోడెమ్ ఈ మూడింటినీ ఎరుగును. దాని కవల ఈసీ25-ఏ అమెరికా కొరకు పుట్టినది. దాని 4జీ బ్యాండ్లు 2, 4, 12. ముఖం అదే, ఊరు వేరు. ధర చూచి మోసపోవువారు ఇక్కడే మోసపోదురు.

2. మినీ పీసీఐఈ స్లాటుకు 52 పిన్నులు. పేరు పీసీఐఈ అయినను 4జీ కార్డులు ప్రాయికంగా 36, 38 పిన్నులలోని యూఎస్‌బీతోనే మాట్లాడును. సిమ్ తీగెలు 8 మొదలు 16 వరకు సరిసంఖ్య పిన్నులు. బోర్డు చేసినవాడు వైఫై కార్డును మాత్రమే తలచి ఈ తీగెలు వేయకున్న, కార్డు స్లాటులో చక్కగా కూర్చుండును, పలుకదు. ఎం.2 అను మరో రకం స్లాటులో మోడెమ్‌లకు బి-కీ గాడి. రాస్ప్‌బెరీ పై 5 కొరకు వచ్చిన ఎం.2 హ్యాట్ ప్లస్‌ది ఎం-కీ. అది ఎస్ఎస్‌డీల సొత్తు.

3. 2జీ ఉన్న నెట్‌వర్కులో 2జీకి దిగజారిన కార్డు సిగ్నల్ పంపునపుడు క్షణకాలం 2 ఆంపియర్ల వరకు లాగగలదు. సన్నని యూఎస్‌బీ కేబుల్‌తో నెట్టుకొచ్చినవాడు రీసెట్లను సిగ్నల్ దోషమనుకొని యాంటెన్నాలు మార్చుచుండును.

పూర్వపక్షం: “కేటగిరీ 4 తీసుకోండి సార్, 150 ఎంబీపీఎస్” అని అంగడివాని మతం. ఖండనం: ఆక్సిజన్ రీడింగు కొన్ని బైట్లు. కేటగిరీ 1 ఇచ్చు 10 ఎంబీపీఎస్ కూడా దానికి ఎక్కువే. రొయ్యలు సినిమాలు చూడవు. గట్టున కెమెరా పెట్టినచో మాత్రం అంగడివాడే గెలుచును.

ఫలశ్రుతి: దీనిని కొనకముందు చదివినవారికి ధనలాభం, కొన్న తరువాత చదివినవారికి వైరాగ్యలాభం.