గీత మన మీద లేదు!

ఫ్లోరిడాలోని టాంపాలో స్థిరపడిన మా బావ పుట్టింది బందరులో. హరికేన్ వస్తోందంటే ఆయనింట్లో రోజుకు నాలుగుసార్లు పంచాంగ శ్రవణం. మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం ఆరుగంటలకోసారి పటం విడుదల చేస్తుంది: సముద్రంలో చుక్క దగ్గర సన్నగా మొదలై పోనుపోను వెడల్పయ్యే తెల్లటి గరాటా, దాని నడుమ ఓ నల్లగీత. గీత టాంపా మీదుంటే బావ కొట్టుకి పరుగు, నీళ్లసీసాలకీ ప్లైవుడ్‌కీ. వేలెడు పక్కకు జరిగితే నాకు ఫోను: "ఒరేయ్, గీత మన మీద లేదు!"

ఆ గరాటా ఇన్నాళ్లూ గీసిన పద్ధతి ఇదీ: గత అయిదేళ్లలో తమ అంచనాలు ఎంత తప్పాయో లెక్కగట్టి, మూడింట రెండుసార్లు తుపాను కన్ను అందులో పట్టేలా గీస్తారు. అంటే మూడోసారి గరాటా దాటిపొమ్మని తుపానుకు వాళ్లే అనుమతి రాసిచ్చారన్నమాట. అదీ కంటి దారి మాత్రమే. ఒళ్లెంతో, తెచ్చే నీళ్లెన్నో అందులో ఉండవు. ఏనుగు తొండం కొస ఎక్కడ ఆనుతుందో చెబితే, తక్కిన ఏనుగు రాదని గుండెమీద చెయ్యేసుకున్నట్టుంది మా బావ ధీమా.

2004 ఆగస్టు 13న వచ్చిన చార్లీ తుపానే ఈ ధీమాకు జవాబు. గీత టాంపా మీద. చార్లీ చివరి గంటల్లో కుడికి తిరిగి పుంటా గోర్డా మీద విరుచుకుపడింది. ఆ ఊరు గరాటాలో ఉంది, గీత మీద లేదు, అంతే.

ప్రజలకు గీత మీద ఇంత భక్తి ఉంటే ఏలినవారు ఊరుకుంటారా? 2019లో డోరియన్ వచ్చినప్పుడు ట్రంప్ వైట్‌హౌస్‌లో చూపించిన పటంలో గరాటాకు నల్ల మార్కరుతో అలబామా దాకా ఓ బొడిపె మొలిచింది. బ్రహ్మరాతకూ దిద్దుబాట్లు ఉంటాయని లోకానికి అప్పుడు తెలిసింది. డోరియన్‌కు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు, అటు తలైనా తిప్పలేదు. (అంతకు రెండేళ్ల ముందు, ఇర్మా తుపాను మీద తుపాకులు పేల్చొద్దని టాంపా పక్క జిల్లా షెరీఫ్ జనాన్ని బతిమాలాల్సి వచ్చింది. వాళ్లకన్నా మా బావే నయం.)

ఇంటి రక్షణ అంటే బావకు కిటికీ అద్దాల మీద టేపుతో ఇంటూ గుర్తు. టేపు అద్దాన్ని ఆపదు. పగిలినప్పుడు ముక్కలు పెద్దపెద్దవిగా మీదికి రావడానికి మాత్రం సాయపడుతుంది. గాలికి ముందు లొంగేది తరచూ గ్యారేజీ తలుపు. అది పోతే లోపల చేరిన గాలి ఇంటికప్పును లేపుకుపోతుంది. ఆ తలుపుకు దన్ను పెట్టించు బావా అంటే, "గీత చూసి చెప్తాలే."

2024 సెప్టెంబర్ 26న హెలీన్ వచ్చింది. గీత పెర్రీ అనే ఊరివైపు, టాంపాకు రెండొందల కిలోమీటర్ల పైనే. తుపాను అక్కడికే వెళ్లి తీరం దాటింది, గీత తప్పలేదు. బావ నిశ్చింతగా పడుకున్నాడు. అర్ధరాత్రి టాంపా అఖాతం లేచి ఊళ్లోకి వచ్చింది. ఆయన లేచి మంచం దిగితే నీళ్లు మోకాళ్ల దాకా. ఉప్పెనకు వేరే పటం ఉంది, ఆ కేంద్రమే ఇస్తుంది. కానీ దాంట్లో గీత ఉండదు. గీతలేని పటాన్ని బావ నమ్మడు.

పదమూడు రోజులకు మిల్టన్. గీత సూటిగా టాంపా మీద. బావ కారెక్కి అట్లాంటా పారిపోయాడు. కన్ను దక్షిణంగా సియెస్టా కీ దగ్గర దాటింది. గాలికి టాంపా అఖాతంలో నీళ్లు వెనక్కి తగ్గాయి. కన్ను అటు రాకపోయినా అవతలి ఒడ్డు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బేస్‌బాల్ స్టేడియం కప్పు చిరిగిపోయింది. సహాయక సిబ్బంది పడుకోవడానికి మంచాలు వేసింది ఆ కప్పు కిందే.

మొన్న బందరులో ఉన్న అత్తయ్యకు వీడియో కాల్‌లో బావ పాత పటాలన్నీ చూపించాడు. ఆవిడ 1977 దివిసీమ ఉప్పెన చూసిన మనిషి. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"బొమ్మ బానే ఉంది గానీ, నీళ్లెక్కడున్నాయిరా ఇందులో?"

"నీకు పటం చూడ్డం రాదమ్మా," అన్నాడు బావ.