చూడొచ్చట, సిలిండరు కట్టుకుంటే!

మహారాజశ్రీ ఫ్లోరిడా రాష్ట్రం, ఓకలూసా కౌంటీ కమిషనర్ గార్ల సముఖమునకు,

న్యూజెర్సీ నుంచి ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ఓడ సంగతే బాగాలేదు. నిన్న, 2025 ఫిబ్రవరి 19న, పోటు తగ్గి వంతెనల కింద సందు దొరికే వేళ చూసుకుని, టగ్గులు దాన్ని ఫిలడెల్ఫియా రేవు నుంచి లాక్కుని మీవైపు బయల్దేరాయి.

మీకు తెలుగు రాదని తెలుసు. ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలను మీరేం చేశారో చూశాక, భాష వల్ల పెద్ద తేడా ఉండదనిపించింది. పైగా కోపం వస్తే నాకు ఈ భాషలోనే మాటలు దొరుకుతాయి.

ముందుగా అభినందనలు. ఎస్.ఎస్. యునైటెడ్ స్టేట్స్‌ని పది లక్షల డాలర్లకు కొన్నారు. మా వైపు ఆ డబ్బుకి రెండిళ్ళు వస్తే గొప్ప. మీకు 990 అడుగుల ఓడ వచ్చింది. టైటానిక్ కన్నా వందడుగులు పైనే పొడవు. బేరమంటే మీదే బేరం. కొన్నవాళ్ళు సాధారణంగా కొన్నదాన్ని వాడుకుంటారు, దాచుకుంటారు, కాదంటే అద్దెకిస్తారు. మీరు ముంచుతారట. ప్రపంచంలోకెల్లా పెద్ద కృత్రిమ దిబ్బ చేస్తారట. 2006లో పెన్సకోలా దగ్గర ఒరిస్కనీ అనే విమానవాహక నౌకను ముంచారు కదా, దానికన్నా మీదే పెద్దదట. పక్కింటివాళ్ళ టీవీ కన్నా మన టీవీ రెండంగుళాలు ఎక్కువుండాలనే పట్టుదల మా కాలనీలో కూడా చూశాను, అర్థం చేసుకోగలను.

నిన్న ఆఫీసుకి సెలవు పెట్టి, ఆ చలిలో నది ఒడ్డున నిలబడ్డాను. పక్కన ఒకాయన, మంచివాడే, నా మొహం చూసి ఓదార్చబోయాడు. బాధపడొద్దు, ఇన్నాళ్ళూ గేటు అవతల ఉండేది, ఇకమీదట ఎవరైనా వెళ్ళి చూడొచ్చు అన్నాడు. చూడొచ్చు! ఆ మాట దగ్గరే నాకు మండింది. రాత్రంతా నిద్ర లేదు. ఈ ఉత్తరం దాని ఫలితమే.

ఎవరు చూస్తారండీ? వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, కాళ్ళకి రెక్కలు తొడుక్కుని, గల్ఫ్ ఆఫ్ మెక్సికో నీళ్ళలో దూకగలిగినవాళ్ళు. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పటి నుంచి ఏటా ఈ ఓడని చూస్తున్న మా ఆవిడ దూకుతుందా? చక్రాల కుర్చీలో వచ్చి, ఒకప్పుడు ఇందులో వంటమనిషిగానో వెయిటరుగానో పనిచేశామని చెప్పుకునే ముసలివాళ్ళు దూకుతారా? మునిగినదాన్ని చూడ్డం చూడ్డమేనా? శవాన్ని చూపించి పెళ్ళిచూపులంటే నమ్మడానికి మేమంత...

మన్నించాలి. మర్యాదగానే మొదలుపెట్టాను.

మా నాన్న సంగతి చెబుతాను. ఆయన విశాఖపట్నంలో హిందుస్తాన్ షిప్‌యార్డులో వెల్డరు. సింధియా అంటే ఇప్పటికీ మాకు ఒక జంక్షను, ఒక బస్టాపు. ఆ పేరుగల కంపెనీ కట్టిన ‘జల ఉష’ను 1948 మార్చిలో నెహ్రూ నీళ్ళలోకి వదిలాడని మా ఇంట్లో దేవుడి పటాల పక్కన చెప్పుకునే కథ. 2012 వేసవిలో నాన్న ఇక్కడికొచ్చారు. లిబర్టీ బెల్ చూపించాను, గంటకి బీటపడిందే అన్నారు. తరవాత కొలంబస్ బులవార్డులో ఐకియాకి తీసుకెళ్ళాను. అక్కడ పైఅంతస్తు రెస్టారెంటు కిటికీలోంచి ఓడ కనిపిస్తుంది. బంగాళదుంపల ముద్ద చల్లారిపోయింది. ఆయన కుర్చీ తిప్పుకుని కూర్చున్నారు.

కొంచెంసేపటికి కిందికెళ్దామన్నారు. రోడ్డు దాటి కంచె దగ్గర నిలబడ్డాం. పొగగొట్టాల మీద ఎరుపు వెలిసి గులాబీరంగులోకి దిగింది. ఒంటి మీద నల్లరంగు పెచ్చులు పెచ్చులుగా లేచి, కింద తుప్పు కారిన చారలు. నేను అదంతా చూస్తున్నాను. నాన్న మాత్రం ముక్కు కింద, నీటి దగ్గర అంకెలు వేసి ఉండే చోటు చూస్తున్నారు.

“ఒరే, ఎంత పైకి తేలిందో చూశావా? లోపల ఏమీ లేదు. అంతా పీకేశారు.”

నిజమే, 1984లో లోపలి సామానంతా వేలం వేశారు. గదుల గోడల్లోని ఆస్బెస్టాస్‌ని 90ల్లో సెవస్టొపోల్ తీసుకెళ్ళి పీకించారు. ఆయనకి ఇవేవీ తెలియవు. నీటి గీత చూసి చెప్పారు. మళ్ళీ అన్నారు, “ఆ ముక్కు చూడు, కత్తిలా ఉంది. కట్టేయడానికి కట్టిన ఓడ కాదురా ఇది.”

కట్టేయడానికి కట్టిన ఓడ కాదు మరి. 1952 జులైలో తొలి ప్రయాణంలోనే అట్లాంటిక్‌ని 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో దాటింది, సగటున 35 నాట్లు పైచిలుకు. అంతకుముందు రికార్డు క్వీన్ మేరీది. దాన్ని పది గంటల తేడాతో కొట్టింది. వచ్చేటప్పుడు రెండో రికార్డు. పెద్ద ప్రయాణికుల ఓడ ఏదీ మళ్ళీ ఆ వేగాన్ని అందుకోలేదు. అసలు ఎంత వేగంగా పోగలదో, నీటి కింద దాని ఒళ్ళు ఎలా ఉంటుందో చాలా ఏళ్ళు రహస్యంగా ఉంచారు, యుద్ధమొస్తే పద్నాలుగు వేలమంది సైనికులను మోసుకెళ్ళాల్సిన ఓడ కాబట్టి. దాదాపు 7.8 కోట్ల డాలర్ల ఖర్చులో సుమారు 5 కోట్లు ప్రభుత్వమే పెట్టింది. ప్రజల డబ్బు. ఆ ప్రభుత్వం ఇప్పుడు ఎక్కడుంది అని అడగను. వాషింగ్టన్‌కి వేరే ఉత్తరం రాయాలి, అది ఇంకా పొడుగవుతుంది.

దీన్ని గీసిన విలియం ఫ్రాన్సిస్ గిబ్స్ లా చదివినవాడు. నిప్పంటే ఎంత భయమంటే, ఓడలో కర్ర అన్నది కనపడకూడదన్నాడు. వంటింట్లో మాంసం కొట్టే మొద్దు, పియానో, అంతే. పియానో కూడా అల్యూమినియంతో చెయ్యమని స్టైన్‌వే వాళ్ళని అడిగాడట. వాళ్ళు పెట్రోలు పోసి అంటించి, కాలదని చూపించాకే ఒప్పుకున్నాడు. నిప్పు నుంచి ఇంత జాగ్రత్తగా కాపాడుకున్న ఓడకి నీళ్ళ నుంచి, అదీ సొంత యజమానుల చేతిలో, ప్రమాదం రావడం! ఆయన పుట్టింది ఫిలడెల్ఫియాలోనే. 1996 నుంచి నిన్నటిదాకా ఆ ఊరి రేవులోనే ఈ ఓడ తుప్పు పట్టింది. ఆ ఊరివాళ్ళకీ ఒక ఉత్తరం బాకీ.

ఫిలడెల్ఫియా అనగానే అద్దె గుర్తొస్తుంది. ఓడని 2011లో కొని కాపాడుకుంటూ వచ్చినవాళ్ళు రోజుకి 850 డాలర్లు కడుతుంటే, రేవు యజమాని 1700 అన్నాడు. కోర్టుకెళ్ళారు. నిరుడు జూన్‌లో జడ్జి, సెప్టెంబరు 12లోగా ఖాళీ చెయ్యమంది. తొంభై రోజుల్లో 990 అడుగుల ఓడకి ఇంకో ఇల్లు వెతుక్కోవాలి! మా అపార్టుమెంటులో కుక్కపిల్ల ఉందని ఒకాయనని ఖాళీ చేయిస్తేనే ఆరునెలలు పట్టింది. అలాంటప్పుడు మీరొచ్చారు, చెక్కు పట్టుకుని. లేకపోతే తుక్కుకి పోయేదంటారు. కావచ్చు. అందుకు నిజంగానే దండం పెడతాను.

అసలు బాధ డబ్బు గురించి. కొనడానికి, లాక్కెళ్ళడానికి, అలబామాలోని మొబైల్ రేవులో కడిగి కన్నాలు పెట్టడానికి, ముంచడానికి, ఒడ్డున మ్యూజియానికి సాయం చెయ్యడానికి అన్నీ కలిపి కోటి డాలర్ల పైమాటే అంటున్నారు. ముంచడానికి కోటి పుట్టింది. నిలబెట్టడానికి పుట్టలేదు. ఒక క్రూయిజు కంపెనీ 2016లో మళ్ళీ నడుపుతామని చెప్పి, ఆర్నెల్లు తిరిగేసరికి కుదరదని వెళ్ళిపోయింది. హోటలు చేస్తామన్నవాళ్ళు వచ్చారు, బొమ్మలు గీశారు. ఓడిపోయిన క్వీన్ మేరీ 1967లో లాంగ్ బీచ్ చేరి, అక్కడే దీపాలు పెట్టుకుని అతిథుల్ని పిలుస్తోంది. క్వీన్ ఎలిజబెత్ 2 ఓడ దుబాయ్‌లో హోటలైంది. గెలిచినదానికి మాత్రం గల్ఫ్ అడుగు. 1963లో మోనాలిసా అమెరికా చూసి ఫ్రాన్సుకి తిరిగి వెళ్ళింది ఈ ఓడలోనే. ఆమె ఇప్పుడు అద్దం వెనక, కాపలా మధ్య ఉంది. ఆమెని క్షేమంగా చేర్చినదానికి పొగగొట్టాలు ఊడబెరికి ఒడ్డున పెడతారట, మిగతాది చేపలకట. తల గుమ్మానికి తగిలించి మొండెం పారేసినట్టుంది.

మేం ఏదో ఉద్ధరించామని కాదు. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పనిచేసిన మా విమానవాహక నౌక విక్రాంత్‌ని పదేళ్ళ పైచిలుకు మ్యూజియమని ఉంచి, 2014లో తుక్కుకి అమ్ముకున్నాం. ఆ ఇనుము కొంత బైకుల పెట్రోలు ట్యాంకుల్లోకి వెళ్ళింది. మా బావమరిది అది కొని, దేశభక్తి లీటరుకి యాభై ఇస్తోందని చెప్పేవాడు. జల ఉషయితే ఫోటోల్లోనే ఉంది. అయినా మా ఊళ్ళో ఒకటి చేశాం, అదొక్కటీ చెప్పుకోనివ్వండి. పని మానేసిన కుర్సురా జలాంతర్గామిని 2002లో ఇసక మీదికి లాక్కొచ్చి ఆర్కే బీచిలో పెట్టాం. నీళ్ళ కింద బతికినదాన్ని మనుషులు చూడ్డానికి ఒడ్డెక్కించాం. మీరు నీళ్ళ మీద బతికినదాన్ని కింద పెడతామంటున్నారు. అక్కడ ఆదివారం సాయంత్రం పల్లీల పొట్లం చేత్తో పట్టుకుని క్యూలో నిలబడితే చాలు, తల వంచుకుని ఆ సన్నటి సందులోంచి నడిచి రావచ్చు. ఈత రావక్కర్లేదు.

మా తెలుగువాళ్ళని కూడా వదలను. మొన్న వేసవిలో ఒక సభలో ఈ ఓడని కాపాడమనే సంతకాల కాయితం పట్టుకుని నిలబడ్డాను. అవతల సినిమా హీరోతో ఫోటోకి క్యూ, ఇవతల మిరపకాయ బజ్జీకి క్యూ, మధ్యలో నేను. సాయంత్రానికి ఏడు సంతకాలు. రెండు మా ఇంట్లోవే.

రాత్రి నాన్నకి ఫోను చేసి, ఓడ వెళ్ళిపోయింది నాన్నా అన్నాను.

“మీద మనుషులున్నారా?”

“నడిపేవాళ్ళు లేరు. టగ్గులు లాగుతున్నాయి.”

“అయితే వెళ్ళిపోయింది అనకు. తోలుకుపోతున్నారు.”

కమిషనర్ గారలూ, వ్యంగ్యం ఇక చేతకావడం లేదు. మామూలుగా అడుగుతున్నాను. తొందరపడకండి. మొబైల్‌లో దాన్ని కడగడానికి ఎలాగూ నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఎవరైనా రేవు చూపిస్తామని వస్తే తలుపు తియ్యండి, కొన్న ధరకి ఇచ్చెయ్యండి. ఎవరూ రాకపోతే మీ తీరంలోనే కట్టేసే దారుందేమో ఒక్కసారి లెక్క వెయ్యండి. పర్యాటకులే కావాలంటే, నడిచి ఎక్కేవాళ్ళు దూకేవాళ్ళ కన్నా ఎప్పుడూ ఎక్కువే. పొగగొట్టాలు కొయ్యడం మాత్రం ఆఖర్న పెట్టుకోండి. కోశాక ఎవరూ రారు.

ఈ ఉత్తరం చదవగలిగిన తెలుగువాళ్ళకి ఒక మాట. ఫ్లోరిడాలో ఉన్నవాళ్ళు కౌంటీ సమావేశానికి వెళ్ళి లేచి మాట్లాడండి, ఇంగ్లీషు ఎలా ఉన్నా ఫర్వాలేదు. అలబామా చుట్టుపక్కల ఉన్నవాళ్ళు, ఓడ అక్కడికి చేరాక ఒక ఆదివారం పిల్లల్ని కారెక్కించుకుని మొబైల్ రేవు దాకా వెళ్ళిరండి. ఒడ్డున నిలబడితే ఇంకా కనిపిస్తుంది.

ఇట్లు,
వాల్ట్ విట్మన్ వంతెన మీద రోజూ టోలు కట్టి ఓడని ఉచితంగా చూసినవాడు